'విజిబుల్' అంటే ఎక్కడ విజిబుల్? ఏపీఐ డాక్యుమెంటేషన్‌ని లైట్ తీసుకునే మనందరి కోసం

ఫోన్ బాక్స్ మీద 'ఐపీ68' అని కనిపించగానే మనలో చాలామంది "నీళ్లలో పడినా ఏం కాదు" అని ఫిక్స్ అయిపోతాం. నిజానికి ఆ చివరి అంకె 7 అయితే 1 మీటరు లోతులో 30 నిమిషాలు అని స్టాండర్డే చెప్పేస్తుంది. 8 అయితే మాత్రం ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీయే చెప్పాలి. అది స్పెక్ షీట్ అడుగున స్టార్ గుర్తు పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది కూడా మామూలు నీళ్ల లెక్కే, సముద్రపు నీళ్లది కాదు. ఆ చిన్న లైను చదవకుండా ఫోన్ జేబులో పెట్టుకుని బీచ్‌లో దిగితే, తర్వాత కథ సర్వీస్ సెంటర్‌లో ఉంటుంది.

ఈరోజు రాస్తున్నది ఫోన్ గురించి కాదు, నేను పనిచేసే టూల్ గురించి. అందులో కూడా అలాంటి స్టార్ గుర్తు లైను ఒకటి ఉండాల్సింది. రాయాల్సింది నేనే, కానీ రాయలేదు. దానివల్ల ఒక అపార్ట్‌మెంట్‌లో కొత్తగా వేసిన స్లాబ్‌కి మెషీన్ పెట్టి రంధ్రాలు కొట్టాల్సి వచ్చింది.

అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా. ఏపీఐ డాక్యుమెంటేషన్ కూడా ప్రోడక్ట్‌లో ఒక ఫీచరే. అందులో ఖాళీ ఉంటే అది బగ్. కోడ్‌లో బగ్‌ని ఎంత సీరియస్‌గా తీసుకుంటామో దీన్నీ అంతే సీరియస్‌గా తీసుకోవాలి. కన్‌స్ట్రక్షన్ లాంటి ఫీల్డ్‌లో అయితే ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ కాంక్రీట్ గట్టిపడ్డాక అన్‌డూ బటన్ ఉండదు.

అసలు ఈ మార్కప్ లేయర్లు ఏంటి?

బిల్డింగ్ డ్రాయింగ్ అంటే ఎక్కువగా ఏ1 సైజు పీడీఎఫ్ అనుకోండి. 594 ఎంఎం వెడల్పు, 841 ఎంఎం పొడవు ఉండే పెద్ద షీట్. ఆర్కిటెక్ట్ ఇచ్చిన ఆ షీట్ మీద స్ట్రక్చరల్ ఇంజనీర్, ఎలక్ట్రికల్ వాళ్లు, ప్లంబింగ్ వాళ్లు అందరూ తమ తమ మార్పులు గుర్తుపెడతారు. ఎర్ర రంగులో మేఘం ఆకారం గీసి "ఇది మారింది చూడండి" అంటారు. బాణం గుర్తు పెడతారు, కొలత రాస్తారు, నోట్ పెడతారు. ఒకప్పుడు ఇదంతా ప్రింట్ మీద ఎర్ర పెన్నుతో జరిగేది. ఇప్పుడు సైట్‌లో ట్యాబ్, స్టైలస్ వచ్చాయి.

అందరి గీతలూ ఒకేచోట పడితే ఏమీ కనపడదు కదా, అందుకే లేయర్లు. ఫోటోషాప్‌లో లేదా ఫోన్‌లో డ్రాయింగ్ యాప్‌లో చూసే లేయర్ల లాంటివే. ప్లంబింగ్ ఒక లేయర్, ఎలక్ట్రికల్ ఇంకోటి, స్టీలు చెకింగ్ వేరొకటి. కన్ను బొమ్మ నొక్కితే కనిపిస్తుంది, ఇంకోసారి నొక్కితే పోతుంది.

మా టీమ్ చేసేది యాప్ కాదు, వెనకాల ఉండే ఏపీఐ. డ్రాయింగ్ అప్‌లోడ్ చెయ్యడం, లేయర్ క్రియేట్ చెయ్యడం, దాని మీద మార్కప్ పెట్టడం, చివర్లో మొత్తం కలిపి పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చెయ్యడం. దీన్ని వాడుకుని వేరే కంపెనీల వాళ్లు తమ యాప్‌లు కట్టుకుంటారు. అంటే మా కోడ్‌ని వాడేవాళ్లకి మా కోడ్ కనపడదు. వాళ్లకి కనపడేది మా డాక్యుమెంటేషన్ ఒక్కటే. ఈ ముక్క అప్పట్లో నాకు బుర్రకెక్కలేదు.

నేను రాసిన ఆ ఒక్క లైను

బీటెక్ అయ్యి జాయిన్ అయిన మొదటి నెలల్లో మా లీడ్ పిలిచి, "కొత్తగా వచ్చావు కదా, డాక్స్ రాసెయ్. సిస్టమ్ కూడా అర్థమవుతుంది" అన్నాడు. చాలా ఆఫీసుల్లో ఇదే పద్ధతి. సిస్టమ్ గురించి అందరికంటే తక్కువ తెలిసినవాడికి సిస్టమ్‌ని వివరించే పని ఇస్తారు.

కోడ్ నుంచి ఓపెన్‌ఏపీఐ ఫైల్ దానంతట అదే జనరేట్ అయింది. ఫీల్డ్ పేర్లు, టైపులు అన్నీ వచ్చేశాయి. వివరణ అనే కాలమ్ మాత్రం ఖాళీ. రెండు రోజులు కూర్చుని నింపేశా. అందులో ఒకటి ఇది:

"విజిబుల్: బూలియన్. లేయర్ కనిపించాలా వద్దా అనేది చెబుతుంది. డిఫాల్ట్ ట్రూ."

చదవడానికి నీట్‌గా ఉంది కదా? రివ్యూలో కూడా ఎవరూ ఏమీ అనలేదు. తప్పు ఉంటే కదా అనడానికి. తప్పేమీ లేదు, చెప్పాల్సినది మాత్రం లేదు.

తర్వాత ఒక క్లయింట్ టీమ్ మా ఏపీఐతో ట్యాబ్ యాప్ చేసింది. లేయర్ పక్కన కన్ను బొమ్మ పెట్టి, దాన్ని నొక్కితే మా విజిబుల్ ఫీల్డ్‌ని ఫాల్స్ చేసేలా రాసుకున్నారు. మా డాక్ చదివితే ఎవరైనా అలాగే రాస్తారు. కానీ మా సర్వర్‌లో ఆ ఫీల్డ్ ఆ ఒక్క ట్యాబ్‌కే కాదు, ఆ డ్రాయింగ్ చూసే అందరికీ సేవ్ అవుతుంది. పైగా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఫాల్స్‌లో ఉన్న లేయర్ని మా కోడ్ పక్కన పడేస్తుంది. ఈ రెండు విషయాలూ డాక్‌లో ఎక్కడా లేవు.

సైట్‌లో జరిగింది ఇది. స్లాబ్‌కి ముందు స్టీలు చెక్ చేసేటప్పుడు గందరగోళంగా ఉందని సైట్ ఇంజనీర్ ప్లంబింగ్ లేయర్ ఆపాడు. చెకింగ్ అయిపోయింది, ట్యాబ్ మూసేశాడు. సాయంత్రం వేరొకరు అదే డ్రాయింగ్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి ప్రింట్ తీసి ప్లంబర్‌కి ఇచ్చారు. బాత్‌రూమ్ పైపుల కోసం స్లాబ్‌లో ముందే స్లీవ్‌లు పెడతారు, మూడు చోట్ల వాటిని జరపమని ఎర్ర మేఘం గీసి ఉంది. అది ప్లంబింగ్ లేయర్‌లో ఉంది. ప్రింట్‌లో రాలేదు. స్లీవ్‌లు పాత చోటే పెట్టారు. తెల్లారి స్లాబ్ వేసేశారు.

సెంట్రింగ్ విప్పాక బయటపడింది. 110 ఎంఎం పైపు వెళ్లాలంటే గట్టిపడ్డ స్లాబ్‌కి కోర్ కటింగ్ చెయ్యాలి. లోపల రాడ్లు తెగుతాయేమో అని స్ట్రక్చరల్ ఇంజనీర్ వచ్చి చూసి ఒప్పుకోవాలి. పాత రంధ్రాలు పూడ్చాలి, మళ్లీ వాటర్‌ప్రూఫింగ్ చెయ్యాలి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదొక్కటే నయం. డబ్బు పోయింది, రోజులు పోయాయి, సైట్‌లో వాళ్లు మాటలు పడ్డారు.

కాల్‌లో అందరం ఉన్నాం. యాప్ టీమ్ "మీ డాక్స్‌లో లేదు" అంది. మా వైపు నుంచి ఒకరు "కోడ్ చూస్తే తెలిసేది" అన్నారు. వాళ్ల దగ్గర మా కోడ్ ఎక్కడుంది? అప్పుడు సైట్ ఇంజనీర్ నాతో ఒక్క మాట అన్నాడు. "తమ్ముడూ, నా స్క్రీన్ మీద కనపడొద్దని ఆపాను. ప్రింట్‌లో ఉండొద్దని ఎవరు చెప్పారు?"

నా దగ్గర జవాబు లేదు. 'కనిపించాలా వద్దా' అని రాసింది నేనే. ఎవరికి, ఎక్కడ అని రాయలేదు.

ఈ ప్రశ్న పీడీఎఫ్ వాళ్లు ఎప్పుడో అడిగేశారు

ఆ తర్వాత సిగ్గుతో కూర్చుని పీడీఎఫ్ స్పెసిఫికేషన్ తీశా. పీడీఎఫ్‌లో లేయర్లు 2003లో వచ్చిన 1.5 వెర్షన్ నుంచే ఉన్నాయి. వాటిని ఆప్షనల్ కంటెంట్ అంటారు. 2008లో పీడీఎఫ్ ఐఎస్ఓ స్టాండర్డ్ కూడా అయింది. అందులో ఒక లేయర్‌కి స్క్రీన్ మీద ఏ స్థితి, ప్రింట్‌లో ఏ స్థితి, ఎక్స్‌పోర్ట్‌లో ఏ స్థితి అని మూడింటినీ విడివిడిగా చెప్పుకునే ఏర్పాటు ఉంది. మూడు వేర్వేరు ప్రశ్నలు, మూడు వేర్వేరు జవాబులు.

లేయర్లే కాదు, ఒక్కో మార్కప్‌కి కూడా ఫ్లాగ్స్ ఉంటాయి. 'హిడెన్' ఒకటి, 'ప్రింట్' ఇంకోటి, 'నోవ్యూ' వేరొకటి. ప్రింట్ ఫ్లాగ్ ఆన్‌లో లేకపోతే ఆ మార్కప్ స్క్రీన్ మీద చక్కగా కనిపిస్తూనే కాగితం మీద మాయమవుతుంది. నోవ్యూ దీనికి రివర్స్. స్క్రీన్ మీద కనపడకపోయినా ప్రింట్‌లో రావచ్చు.

అంటే మేము ఒక్క బూలియన్‌లో కుక్కేసిన విషయాన్ని అక్కడ ఎప్పుడో విడదీసి రాశారు. ఏపీఐని సింపుల్‌గా ఉంచడం మంచిదే, దానికి నేనూ ఓటేస్తా. కానీ మూడు ప్రశ్నల్ని ఒక్క ఫీల్డ్‌లో పెట్టినప్పుడు, ఆ ఫీల్డ్ మూడింటికీ ఏం జవాబు చెబుతుందో రాసి తీరాలి.

పేర్లు కూడా సాయం చేస్తాయి. ఆటోడెస్క్ వ్యూయర్‌లో మార్కప్స్ కోసం ఉన్న ఎక్స్‌టెన్షన్ చూడండి. 'హైడ్‌మార్కప్స్' అని ఒక ఫంక్షన్, 'అన్‌లోడ్‌మార్కప్స్' అని ఇంకో ఫంక్షన్, రెండూ లేయర్ ఐడీ తీసుకుంటాయి. ఒకటి దాచడం, ఇంకోటి తీసెయ్యడం. పేరు చూడగానే ఈ రెండూ ఒకటి కాదన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానమే మనిషిని డాక్ తెరిచేలా చేస్తుంది. మా 'విజిబుల్' ఎవరికీ ఏ అనుమానమూ రానివ్వలేదు, ప్రమాదం అక్కడే ఉంది.

ఎక్స్, వై అంటే నంబర్లు మాత్రమేనా?

ఆ దెబ్బతో మిగతా డాక్ అంతా మళ్లీ చదివా. మార్కప్ ఎక్కడ పెట్టాలో చెప్పే ఫీల్డ్‌కి నేను రాసిన వివరణ: "ఎక్స్, వై: నంబర్. మార్కప్ పొజిషన్." అంతే!

పీడీఎఫ్‌లో మామూలుగా లెక్క ఎడమవైపు కింది మూల నుంచి మొదలవుతుంది, వై పైకి పెరుగుతుంది. ఒక యూనిట్ అంటే అంగుళంలో 72వ వంతు. బ్రౌజర్, ఫోన్ స్క్రీన్‌లో లెక్క ఎడమవైపు పై మూల నుంచి, వై కిందకి పెరుగుతుంది. ఈ సంగతి డాక్‌లో లేకపోతే ఆండ్రాయిడ్ డెవలపర్ తనకి అలవాటైన లెక్కలోనే పంపిస్తాడు. అడ్డంగా పెట్టిన ఏ1 షీట్ ఎత్తు దాదాపు 1684 యూనిట్లు. పైనుంచి 300 దగ్గర పెట్టాల్సిన మేఘం కింది నుంచి 300 దగ్గరకి వెళ్లి కూర్చుంటుంది.

"తలకిందులైతే ఎవరికైనా కనపడుతుంది కదా, టెస్టింగ్‌లోనే దొరుకుతుంది" అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నా. కానీ అపార్ట్‌మెంట్ ప్లాన్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మధ్యలో కారిడార్, అటూ ఇటూ అద్దంలో బొమ్మల్లా ఒకే రకం ఫ్లాట్లు. పై వరుసలో బాత్‌రూమ్ మీద పెట్టిన మేఘం తిరగబడి కింది వరుసలో ఎదురు ఫ్లాట్ బాత్‌రూమ్ మీద పడుతుంది. చూసేవాడికి అంతా కరెక్ట్‌గానే ఉంటుంది. బాత్‌రూమ్ మీదే ఉంది కదా మరి! ఇలాంటి తప్పు స్క్రీన్ మీద దొరకదు.

ఇంకో లెక్క చూడండి. 1:100 స్కేల్ డ్రాయింగ్‌లో 110 ఎంఎం పైపు కాగితం మీద 1.1 ఎంఎం, అంటే దాదాపు 3 యూనిట్లు. ఒక్క యూనిట్ అంటే సైట్‌లో 35 ఎంఎం. ఎవరైనా డెవలపర్ "పిక్సెల్స్‌లాగే కదా" అని దశాంశాలు కొట్టేసి పూర్ణాంకాలు పంపిస్తే, గుర్తు పైపు మధ్యలోంచి అంచు వైపు జరిగిపోతుంది. 'నంబర్' అన్న మాటకి, 'దశాంశాలతో పంపండి, రౌండ్ చెయ్యకండి' అన్న మాటకి తేడా సైట్‌లో టేపు పెట్టి కొలవగలిగేంత ఉంది.

డ్రాయింగ్ మారితే మార్కప్ ఏమవుతుంది?

మా డాక్‌లో అసలు లేనే లేని పేజీ ఇది. డ్రాయింగ్ ఒకసారి ఇచ్చాక అలాగే ఉండదు. ఆర్0, ఆర్1, ఆర్2 అని రివిజన్లు వస్తూనే ఉంటాయి. చివర్లో 'గుడ్ ఫర్ కన్‌స్ట్రక్షన్' అని ముద్ర పడ్డ షీట్‌తోనే పని చెయ్యాలి. ఆ తర్వాత కూడా మార్పులు వస్తాయి.

ఆర్1 మీద నలభై మార్కప్‌లు ఉన్నాయనుకోండి. ఆర్2 అప్‌లోడ్ చేస్తే అవి కొత్త షీట్ మీదకి వస్తాయా, పాతదాని మీదే ఉండిపోతాయా? వస్తే, గోడ జరిగిన చోట మేఘం గోడతో పాటు జరుగుతుందా, పాత చోటే ఉంటుందా? మా సిస్టమ్‌లో కాపీ అయ్యేవి, పాత కొలతల్లోనే. అంటే జరిగిపోయిన గోడ పక్కన పాత నోట్ వేలాడుతూ ఉంటుంది. కోడ్ రాసినతనికి ఇది తెలుసు. నాకు తెలియదు. అడగాలన్న ఆలోచన కూడా రాలేదు, ఎందుకంటే జనరేట్ అయిన ఫైల్‌లో దానికంటూ ఒక ఫీల్డ్ లేదు.

ఆటోమేటిక్‌గా వచ్చే రిఫరెన్స్‌తో నాకున్న అసలు గొడవ ఇదే. అది ఉన్న ఫీల్డ్‌ల లిస్ట్ ఇస్తుంది. రెండు ఆపరేషన్ల మధ్య ఏం జరుగుతుందో, టైమ్ గడిస్తే ఏం మారుతుందో అది చెప్పదు. నష్టం వచ్చేది ఎక్కువగా ఆ మధ్యలోనే.

"ఏఐతో రాయించొచ్చు కదా బ్రో"

ఈ మాట కచ్చితంగా వస్తుందని తెలుసు. నేనూ ట్రై చేశా. మా ఓపెన్‌ఏపీఐ ఫైల్ ఇచ్చి వివరణలు రాయమంటే చకచకా రాసిచ్చింది. విజిబుల్‌కి ఏం రాసిందో తెలుసా? "లేయర్ కనిపించాలా వద్దా అన్నది నియంత్రిస్తుంది." అచ్చం నేను రాసినదే! ఫీల్డ్ పేరునే వాక్యంగా సాగదీస్తే మనిషి రాసినా మెషీన్ రాసినా ఒకటే వస్తుంది.

మొత్తం కోడ్ ఇస్తే ఇంకా బాగా రాస్తుంది, ఒప్పుకుంటా. ఎక్స్‌పోర్ట్‌లో లేయర్ తీసేస్తున్నాం అని పట్టుకోగలదు కూడా. కానీ అది ముఖ్యమని ఎవరు చెప్పాలి? సైట్‌లో ఆ పీడీఎఫ్ ప్రింట్ అవుతుందని, ఆ ప్రింట్ చూసే స్లీవ్ పెడతారని, తెల్లారితే కాంక్రీట్ పోస్తారని కోడ్‌లో ఎక్కడా ఉండదు. ఆ సంగతి తెలిసినవాడే ఏ లైను ఎర్ర బాక్స్‌లో పెట్టాలో చెప్పగలడు. ఏఐతో డ్రాఫ్ట్ రాయించండి, గ్రామర్ సరిచేయించండి, తప్పులేదు. ప్రశ్నలు మాత్రం మనమే అడగాలి.

ఇంకో వాదన, "మంచి ఏపీఐకి డాక్స్ అక్కర్లేదు" అనేది. టు-డూ యాప్‌కి అయితే సరే. మూడు కంపెనీలు, నాలుగు రకాల ఇంజనీర్లు, ఒక మేస్త్రీ చేతులు మారే డ్రాయింగ్‌కి అది పనికిరాదు.

మేం ఇప్పుడు చేస్తున్నది

పెద్ద ప్రాసెస్ ఏమీ పెట్టలేదు. ప్రతి ఫీల్డ్‌కి ఐదు ప్రశ్నలు వేసుకుంటాం.

1. ఏమీ పంపకపోతే ఏమవుతుంది?
2. ఈ మార్పు ఎవరికి కనిపిస్తుంది? మార్చినవాళ్లకేనా, అందరికీనా?
3. స్క్రీన్, ప్రింట్, ఎక్స్‌పోర్ట్ మూడింట్లో ఏమవుతుంది?
4. నంబర్ అయితే యూనిట్ ఏంటి, లెక్క ఏ మూల నుంచి, పేజీ తిప్పి ఉంటే ఎలా?
5. డ్రాయింగ్ కొత్త రివిజన్ వస్తే ఇది ఏమవుతుంది?

జవాబు తెలియకపోతే ఖాళీ వదలం, కోడ్ రాసినవాళ్ల దగ్గరకి వెళ్తాం. ఇందులో ఒక లాభం కూడా ఉంది. రెండు మూడు సార్లు కోడ్ రాసినవాళ్లకే జవాబు తెలియలేదు. అప్పుడు డాక్ కాదు, కోడే మార్చాం.

రెండో పని, కొత్తగా వచ్చిన ఇంటర్న్‌కి కోడ్ చూపించకుండా డాక్ ఒక్కటే ఇచ్చి, శాంపిల్ ఏ1 షీట్‌లో ఫలానా బాత్‌రూమ్ మీద మేఘం పెట్టి ప్రింట్ తీయమన్నాం. పక్కన కూర్చుని చూశా, ఒక్క మాట చెప్పలేదు. 90 డిగ్రీలు తిప్పిన పేజీ దగ్గర ఆగిపోయాడు. ఆ సాయంత్రమే ఆ పేజీ తిరగరాశా. కొత్తవాళ్లతో డాక్స్ రాయించడం కన్నా వాళ్ల చేత చదివించడం చాలా మంచి పద్ధతి అని అప్పుడే అర్థమైంది. రాసే పని సిస్టమ్ బాగా తెలిసినవాళ్లది.

మూడోది, డాక్‌లో ఉన్న ప్రతి ఉదాహరణా బిల్డ్ అయిన ప్రతిసారీ రన్ అవుతుంది. కోడ్ మారి ఉదాహరణ ఫెయిల్ అయితే రిలీజ్ ఆగుతుంది.

ఇక ఆ పాత లైను. ఏపీఐలో దాన్ని రెండు ఫీల్డ్‌లుగా విడగొట్టాలని ఇప్పటికీ అడుగుతున్నా, ఇంకా ఒప్పుకోలేదు. ఈలోగా డాక్‌లో మాత్రం ఇలా ఉంది:

"విజిబుల్: బూలియన్, డిఫాల్ట్ ట్రూ. ఫాల్స్ చేస్తే ఈ లేయర్ ఈ డ్రాయింగ్ చూసే అందరికీ దాగిపోతుంది. హెచ్చరిక: ఎక్స్‌పోర్ట్ చేసిన పీడీఎఫ్‌లో, దాని ప్రింట్‌లో కూడా ఈ లేయర్ రాదు. ఒక్క యూజర్ స్క్రీన్ మీద మాత్రమే దాచాలంటే ఈ ఫీల్డ్ వాడకండి, మీ యాప్‌లోనే దాచండి. సైట్‌కి పంపే కాపీ తీసేముందు ఏయే లేయర్లు ఆపి ఉన్నాయో యూజర్‌కి చూపించండి."

అప్పుడు 'బూలియన్' పోగా రెండు చిన్న వాక్యాలు, ఇప్పుడు ఐదు. రాయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

మీరు కూడా ఏదో ఒక ఏపీఐ రాస్తూనే ఉంటారు. కాలేజీ ప్రాజెక్ట్ కావచ్చు, స్టార్టప్ కావచ్చు, గిట్‌హబ్‌లో పెట్టిన చిన్న లైబ్రరీ కావచ్చు. ఈ వీకెండ్ ఒక పని చెయ్యండి. మీ డాక్ తెరిచి ఒక్క బూలియన్ ఫీల్డ్ వెతకండి. దాని వివరణలో ఫీల్డ్ పేరే మళ్లీ వాక్యంగా రాసి ఉందేమో చూడండి. ఉంటే, పైన ఉన్న ఐదింట్లో మీ ప్రాజెక్ట్‌కి వర్తించే ప్రశ్నలు వేసి, జవాబులు అక్కడే రాసెయ్యండి. మీకు తెలియనిది ఒక్కటైనా దొరుకుతుంది, కావాలంటే పందెం!